ఇరవై ఏళ్ళు ఎక్కువంటోంది మా అమ్మ. నేనేం చెప్పాలి?

విభాగం: కుటుంబం – చట్టం – విశాఖ

రెండో_పుట్టిల్లు (కొత్త సభ్యురాలు), రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు 17. లాక్‌డౌన్‌లో బడులు మూసేస్తే, చెల్లెలు డ్యూటీకి వెళ్ళాలి కాబట్టి పిల్లని అమ్మమ్మ ఇంట్లో వదిలింది. అక్కడ దాన్ని పాడుచేసినవాడు దాని సొంత మేనమామ. అంటే నా తమ్ముడు. నా కంటే తొమ్మిదేళ్ళు చిన్న. నేను చంకనెత్తుకుని తిప్పినవాడు.

2021లో కంప్లైంట్ ఇచ్చింది నేనే. చెల్లెలికి చేతులు వణికి సంతకం కూడా రాలేదు. పోయినేడాది తీర్పు వచ్చింది. ఇరవై ఏళ్ళ కఠిన కారాగార శిక్ష, జరిమానా. శిక్ష వేసే ముందు జడ్జిగారు "నీవేమైనా చెప్పుకుంటావా" అని అడిగితే, "ముసలి తల్లి ఉంది, భార్య ఉంది, చిన్న కూతురు ఉంది, సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నాడు. ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను.

ఇప్పుడు హైకోర్టులో అప్పీలు వేశారు. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిలు ఇవ్వమని అడుగుతున్నారట. దానికి పిల్ల "నాకు అభ్యంతరం లేదు" అని అఫిడవిట్ ఇస్తే మంచిదని వాళ్ళ లాయరు చెప్పాడట. అప్పట్నుంచి ఇంట్లో అదే గోల. అమ్మ రోజూ ఫోను చేస్తుంది. "వాడు బయటికొచ్చేసరికి యాభై దాటతాయే, నేను ఉంటానా? మనిషిని చంపినవాడికి కూడా ఇంత వెయ్యరు" అంటుంది. ఊళ్ళో ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, "మేనమామే కదా, పూర్వమైతే ఇచ్చి చేసేవాళ్ళే" అన్నాడు. ఆ మాట పిల్ల చెవినపడింది. రెండు రోజులు అన్నం తినలేదు.

నా ప్రశ్నలు రెండు. పిల్ల సంతకం పెడితే నిజంగా వదిలేస్తారా? ఇరవై ఏళ్ళు నిజంగా ఎక్కువా? రెండోది అడగడానికి సిగ్గుగా ఉంది. కానీ రాత్రుళ్ళు అదే తిరుగుతోంది.

స్టీల్‌ప్లాంట్_శీను, రాత్రి 11:58

ఎక్కువేంటండీ? ఉరి తియ్యాలి ఇలాంటోళ్ళని. ఆర్కే బీచ్‌లో అందరూ చూస్తుండగా. ఇరవై ఏళ్ళు మన పన్నుల డబ్బుతో అన్నం పెట్టడం దేనికి?

మోడరేటర్, ఉదయం 6:20

రెండో_పుట్టిల్లు గారు, మీ పోస్టులో కాలనీ పేరు, పిల్ల చదివే కాలేజీ పేరు ఉన్నాయి, తీసేశాను. పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) సెక్షన్ 23 ప్రకారం బిడ్డని గుర్తుపట్టేలా చేసే చిరునామా, బడి, బంధువులు, ఏ వివరమైనా బయటపెట్టడం నేరం. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. మేలు చెయ్యాలనే ఉద్దేశంతో రాసినా సరే. జవాబిచ్చేవాళ్ళు కూడా "ఇది ఫలానా ఏరియాలో జరిగిందేనా" అని అడగొద్దు. అడిగితే బ్యాన్.

శీను గారు, బీచ్‌లో ఉరి లాంటివి ఇక్కడ వద్దు.

లాయరమ్మ_సీతమ్మధార, ఉదయం 9:05

అమ్మా, మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. పిల్ల సంతకం పెట్టినంత మాత్రాన కేసు పోదు. ఇది రాజీకి వీలున్న నేరం కాదు. రాజీ అయిందని ఒక హైకోర్టు పోక్సో కేసు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని పక్కనపెట్టింది. ఇలాంటివి ఇద్దరి మధ్య సొంత గొడవలు కావని చెప్పింది. మీ కేసులోనైతే శిక్ష కూడా పడిపోయింది. అయితే శిక్ష సస్పెండు చెయ్యమని అడిగేటప్పుడు అలాంటి కాగితం వాళ్ళ చేతిలో ఉంటే వాదించుకోవడానికి పనికొస్తుంది. అందుకే అడుగుతున్నారు. ఇవ్వాల్సిన అవసరం పిల్లకి ఏ కోశానా లేదు. పైగా ఎదురుతిరిగి అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. బాధితుల మాట ప్రతి దశలోనూ వినాలని 2022 ఏప్రిల్‌లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇక ఇరవై ఏళ్ళ సంగతి. ఆ అంకె జడ్జిగారు కోపంతో వేసింది కాదు. పోక్సో 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చినప్పుడు సెక్షన్ 6 (తీవ్రమైన అత్యాచారం) కింద కనీస శిక్ష పదేళ్ళే. 2019 సవరణ దాన్ని ఇరవై చేసింది. గరిష్ఠం బతికినంత కాలం జైలు, లేదా మరణశిక్ష. ఆ సవరణ 2019 ఆగస్టు 16 నుంచి అమలు. నేరం ఆ తేదీకి ముందు జరిగి ఉంటే పాత పదేళ్ళ లెక్కే వచ్చేది, ఎందుకంటే నేరం జరిగిన రోజున్న శిక్ష కంటే ఎక్కువ వెయ్యకూడదని రాజ్యాంగమే చెప్తోంది. మీది లాక్‌డౌన్ నాటిది. ఇరవై కంటే ఒక్క రోజు తగ్గించే అధికారం జడ్జికి లేదు. అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో అప్పటి కనీస శిక్ష కంటే తగ్గిస్తే, 2023 జులైలో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ పదేళ్ళు చేసింది.

మేనమామ అయినందుకే ఈ సెక్షన్ పడింది. బయటివాడు చేస్తే ఒక లెక్క, రక్తసంబంధీకుడో, దత్తత వల్లో పెళ్ళి వల్లో బంధువైనవాడో, అదే ఇంట్లో ఉండేవాడో చేస్తే ఇంకో లెక్క. తెచ్చి అప్పజెప్పిన చేతుల్లోనే జరిగింది కాబట్టి చట్టం దాన్ని పెద్ద నేరంగా చూసింది. కాబట్టి "మేనమామే కదా" అన్న ఆ పెద్దాయనకి చెప్పండి, చట్టం దీన్ని పెద్ద నేరమన్నది ఆ "మేనమామే" వల్లనే అని.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. "పాడుచేశాడు" అని రాశారు. పిల్ల పాడవలేదు. ఆ మాట దాని ముందు అనకండి.

రెండో_పుట్టిల్లు, ఉదయం 9:31

నిజమే. అలవాటులో వచ్చేసింది. ఇంకెప్పుడూ అనను.

రిటైర్డ్_హెడ్మాస్టరు, ఉదయం 10:47

నేను మీ అమ్మగారి వయసువాణ్ణి. అందరికీ నచ్చని మాట ఒకటి అంటాను. శిక్ష పెంచిన కొద్దీ ఇంట్లో నోళ్ళు మూతపడతాయని నా భయం. బయటివాడికి ఇరవై ఏళ్ళంటే ఊరంతా చప్పట్లు కొడుతుంది. నాన్నకో బాబాయికో ఇరవై ఏళ్ళని తెలిస్తే తల్లి ఏం చేస్తుంది? బిడ్డ నోరు నొక్కేస్తుంది. ఉరి అంటే మరీను. "నువ్వు చెప్పావంటే మీ నాన్నని ఉరితీస్తారు" అని ఎనిమిదేళ్ళ పిల్లని బెదిరించడానికి చట్టమే మాట అందించినట్టవుతుంది.

పుస్తకం చదివి చెప్తున్నది కాదు. తొంభైల్లో ఒక ఊరి హైస్కూల్లో ఉండగా ఎనిమిదో తరగతి పిల్ల మా టీచరమ్మతో చెప్పుకుంది. ఇంట్లోవాడే. ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నేనేం చేశానంటే, ఆ పిల్ల తాతని పిలిపించి, గదిలో కూర్చోబెట్టి, "చూసుకోండి" అన్నాను. చూసుకున్నారు. నెల తిరక్కుండా పిల్లని బడి మాన్పించేశారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆ రోజు నేను చేసింది మర్యాదైన పని అనుకున్నాను. ఇప్పుడైతే సెక్షన్ 19 కింద పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే మామూలు మనిషికి ఆరు నెలలు, సంస్థని నడిపేవాడు తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది దాకా జైలు. ఆ లెక్కన నేను ముద్దాయిని.

స్టీల్‌ప్లాంట్_శీను, ఉదయం 11:15

మాస్టారూ, మీరు ఒప్పుకున్నందుకు దండం. కానీ మీ వాదన తలకిందులుగా ఉంది. ఇంట్లోవాళ్ళు నోరు మూస్తారని శిక్ష తగ్గిస్తామా? అలాగైతే ఇంట్లో చేసినవాడికి డిస్కౌంటు ఇచ్చినట్టే కదా.

దిశ బిల్లు పాసవ్వాల్సింది. 21 రోజుల్లో తేల్చేసేవాళ్ళు.

లాయరమ్మ_సీతమ్మధార, మధ్యాహ్నం 1:20

కోర్టు నుంచి ఇప్పుడే బయటికొచ్చాను, క్యాంటీన్లో ఉప్మా తింటూ రాస్తున్నా.

శీను గారు, దిశ బిల్లుని మన అసెంబ్లీ 2019 డిసెంబరులో పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పని దినాల్లో విచారణ అన్నారు. పోక్సోలోనే బిడ్డ సాక్ష్యం ముప్ఫై రోజుల్లో తీసుకోవాలి, వీలైనంతవరకు ఏడాదిలో కేసు ముగించాలి అని సెక్షన్ 35లో ఉంది. ఈ అమ్మ కేసు ఎప్పుడు మొదలై ఎప్పుడు తేలిందో చూడండి. ఆ ఏళ్ళన్నీ పిల్ల మీద ఇంటివాళ్ళ ఒత్తిడి సాగిన ఏళ్ళు. అంకెలు పెంచడం సులువు, సాక్షిని అన్నాళ్ళు నిలబెట్టడం కష్టం.

మాస్టారి మాటలో సగం నిజం ఉంది. కింది కోర్టుల్లో నేను చూసేది ఇది: తండ్రో మామో ముద్దాయైతే, మొదట గట్టిగా చెప్పిన తల్లి బోనులో "నాకేమీ తెలీదు" అంటుంది. ఆమె చెడ్డది కాదు. అద్దె కట్టేది ఆయన. డిఫెన్సువాళ్ళకి కూడా ఇరవై ఏళ్ళ గీత బాగా తెలుసు. అందుకే జరిగింది సెక్షన్ 6 నేరం కాదు, సెక్షన్ 10 (అత్యాచారం దాకా పోని లైంగిక దాడి) అని లాగుతారు. అందులో ఐదు నుంచి ఏడేళ్ళే. మధ్యలో మెట్లు లేవు. ఇరవైకి పైన ఎంత వెయ్యాలి, ఎందుకు వెయ్యాలి అన్నదానికి మన దగ్గర మార్గదర్శకాలూ లేవు. 2003లోనే మలిమత్ కమిటీ శిక్షల మార్గదర్శకాల కోసం ఒక సంఘం పెట్టమంది. అది కాగితం మీదే ఉంది.

టొరంటో_గాజువాక, మధ్యాహ్నం 2:02

గాజువాకలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డాను. ఇక్కడి సంగతి చెప్తాను, పోల్చి చూడమని కాదు. 2020లో కెనడా సుప్రీంకోర్టు ఫ్రీసెన్ కేసులో, పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్షలు పెరగాలంది. నాలుగైదేళ్ళు మామూలు అనీ, పదేళ్ళు దాటడం అరుదేమీ కాకూడదనీ చెప్పింది. మీకు ఇరవై కనీసం అంటే మా కొలీగ్స్ నోరెళ్ళబెట్టారు. కానీ ఆ తీర్పులో నాకు నచ్చింది అంకె కాదు. నమ్మకాన్ని వంచించడం వల్ల బిడ్డకి జరిగే హాని ఎక్కువ కాబట్టి శిక్ష పెరగాలనీ, బిడ్డ ఎదురుతిరగలేదన్నది ముద్దాయికి కలిసొచ్చే అంశం కాదనీ విడమర్చి రాశారు. తీర్పులో కారణం రాసి ఉంటే ఇంట్లో వాదించుకోవడానికి పనికొస్తుంది. ఇరవై ఎందుకు అంటే "చట్టంలో ఉంది" అని తప్ప మనవాళ్ళు ఏం చెప్తారు?

కంచరపాలెం_కుర్రోడు, మధ్యాహ్నం 2:30

ఏటండీ ఇదంతా? ఆవిడ అడిగిందేటి, మీరు కెనడా దాకా ఎల్లిపోనారేటి?

నిజం_మాట్లాడదాం, మధ్యాహ్నం 3:11

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. ఆస్తి గొడవల్లో పోక్సో పెట్టించేవాళ్ళు లేరా? ముద్దాయే నిర్దోషినని నిరూపించుకోవాలట. ఇదేం చట్టం?

లాయరమ్మ_సీతమ్మధార, మధ్యాహ్నం 3:40

సెక్షన్ 29 గురించే అంటున్నారు. అది గాల్లోంచి మొదలవదు. జరిగిందనడానికి పునాది వాస్తవాలు ముందు ప్రాసిక్యూషనే నిలబెట్టాలని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. దురుద్దేశంతో పెద్దవాళ్ళు అబద్ధపు ఫిర్యాదు ఇస్తే సెక్షన్ 22లో శిక్ష ఉంది, బిడ్డకి మాత్రం లేదు. ఈ చర్చలో శిక్ష పడిన కేసు గురించి మాట్లాడుతున్నాం. మీ అనుమానానికి వేరే చర్చ తెరవండి.

పేరు_వద్దు, సాయంత్రం 6:55

నేను ఎప్పుడూ కేసు పెట్టలేదు. నాకిప్పుడు నలభై దాటాయి. మా బాబాయి.

నా పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నాడు. అప్పగింతలప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వీడియోలో ఉంది. మా అత్తగారు ఆ క్యాసెట్టు చూసినప్పుడల్లా "మీ బాబాయికి నువ్వంటే ఎంత ప్రాణమో" అనేది. పదేళ్ళా ఇరవై ఏళ్ళా అని నన్నడిగితే నేను చెప్పలేను. ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని, ఇది జరిగింది, ఈ పిల్ల చెప్పింది నిజం అని పైకి చదివి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేదనిపిస్తుంది. మీ పాపకి అది దొరికింది. అఫిడవిట్ మీద సంతకం పెట్టించి దాన్ని వెనక్కి లాక్కోకండి. అంతే.

స్టీల్‌ప్లాంట్_శీను, రాత్రి 7:20

అమ్మా... నమస్కారం. బీచ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కంచరపాలెం_కుర్రోడు, రాత్రి 8:45

అక్కా, మధ్యాహ్నం ఎకసెక్కంగా రాసేసాను, ఏమనుకోకండి. నేను పిల్లల కేసుల్లో సపోర్ట్ పర్సన్‌గా, అంటే కేసు నడిచినన్నాళ్ళు బిడ్డకి తోడుండే మనిషిగా, రెండేళ్ళు తిరిగాను. కేజీహెచ్ ఆసుపత్రి కారిడార్లలో, కోర్టు మెట్ల మీద కూర్చున్నోణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

మీ అమ్మగారు ఇరవై ఏళ్ళు ఎక్కువ అంటున్నారంటే, ఆవిడకి ఆ అంకె కాదు బాధ. ఇల్లెలా గడుస్తుందన్నదే బాధ. కొడుకు సంపాదన పోయింది, కోడలు, మనవరాలు మీద పడ్డారు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలీక పిల్ల మీద తీర్చుకుంటున్నారు. మీ తమ్ముడు జైలుకెళ్ళింది పిల్ల వల్ల కాదని వందసార్లు చెప్పినా ఎక్కదు, పొయ్యి మీద కుండ ఖాళీగా ఉన్నంతకాలం. పరిహారం వచ్చిందా? చాలామంది అడగరు. 2018 నాల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకంలో అత్యాచార బాధితులకి నాలుగు నుంచి ఏడు లక్షలు, మైనరైతే దాని మీద సగం ఎక్కువ. దాన్నే పోక్సో కేసుల్లోనూ దారిగా తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పులో ఎంత రాశారో చూడండి. వచ్చిన డబ్బు పిల్ల పేరున ఉండాలి. మీ అమ్మగారి ఇంటి ఖర్చుకి కాదు, ఆ సంగతి ముందే ఖరాఖండిగా చెప్పేయండి. మరదలికి ఉపాధి సంగతి విడిగా చూడాలి, పెద్దవాళ్ళంతా తలో చెయ్యి వెయ్యాలి. రెండూ కలిపేస్తే పిల్ల పరిహారమే వాడి ఇంటికి జీతమైపోద్ది.

ఇంకోటి. సంతకం పెట్టమని రోజూ ఫోను చెయ్యడం, అన్నం మానేసేదాకా తేవడం, ఇది బతిమాలడం కాదు. సాక్షుల రక్షణ పథకం 2018 నుంచి ఉంది, జిల్లా జడ్జి ఆధ్వర్యంలో కమిటీ ఉంటుంది. అక్కడి దాకా వెళ్ళక్కర్లేదు గానీ, ఉందని మీ అమ్మగారికి తెలిస్తే ఫోన్లు తగ్గుతాయి.

రిటైర్డ్_హెడ్మాస్టరు, రాత్రి 9:10

బాబూ, నేను పొద్దున్న చెప్పాలనుకుని చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు. శిక్ష తగ్గించమని కాదు నా ఉద్దేశం. శిక్ష పడిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చట్టం చూడట్లేదని.

టొరంటో_గాజువాక, రాత్రి 9:34

2007లో కేంద్ర ప్రభుత్వం పదమూడు రాష్ట్రాల్లో పిల్లల్ని అడిగి చేసిన సర్వే గుర్తుందా? సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళే. అప్పుడు నేను వైజాగ్‌లోనే ఉన్నాను. పేపర్లో చదివి పేజీ తిప్పేశాను.

రెండో_పుట్టిల్లు, మూడో రోజు, రాత్రి 10:18

అందరివీ చదివాను. పేరు_వద్దు గారు, మీది నాలుగుసార్లు చదివాను.

నిన్న చెల్లెలి ఇంటికి వెళ్ళాను. అఫిడవిట్ డ్రాఫ్టు అక్కడే టీవీ పక్కన ఉంది, మా అమ్మ ఎవరి చేతో పంపించిందట. పిల్ల దాన్ని చదివింది. మేం దాచాం అనుకున్నాం గానీ అప్పటికే చదివేసిందట. నేను వెళ్ళేసరికి ఫిజిక్స్ రికార్డు రాసుకుంటోంది. తలెత్తకుండా అడిగింది:

"నేను సంతకం పెడితే మామయ్య ఇంటికొచ్చేస్తాడా?"

చెప్పలేం, రావచ్చు అన్నాను.

"మరి చిట్టి ఎక్కడ పడుకుంటుంది?"

చిట్టి అంటే నా తమ్ముడి కూతురు. దానికి ఆరేళ్ళు. కోర్టులో వాడు "చిన్న కూతురు ఉంది" అన్నప్పుడు నాకు ఏడుపొచ్చిందని మొదటి పోస్టులో రాశాను కదా. ఇన్నాళ్ళలో నాకు గానీ, మా అమ్మకి గానీ, ఇక్కడ ఇంతమందికి గానీ ఈ ప్రశ్న తట్టలేదు.

అమ్మకి ఫోను చేసి పిల్ల అడిగింది అడిగినట్టు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నా దగ్గర పడుకుంటుందిలే" అంది. "అప్పుడూ ఇది నీ ఇంట్లోనే కదమ్మా పడుకున్నది" అన్నాను. ఫోను పెట్టేసింది. ఇవాళ చెయ్యలేదు.

లాయరమ్మ గారు, హైకోర్టులో అభ్యంతరం చెప్పాలంటే మేం అమరావతి రావాలా? ఫీజు ఎంతవుతుంది?

లాయరమ్మ_సీతమ్మధార, రాత్రి 10:40

మీరు తిరగక్కర్లేదు. పోక్సో సెక్షన్ 40 కింద బిడ్డ తరఫున లాయరుని పెట్టుకునే హక్కు ఉంది, స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థే పెడుతుంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితం. జిల్లా కోర్టు ప్రాంగణంలోని ఆఫీసుకి సోమవారం పదిన్నరకి రండి, నేనూ వస్తాను. ముందే మాట్లాడాలంటే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100. తీర్పు కాపీ, అప్పీలు నంబరు ఉంటే అది, పిల్ల ఆధార్ జిరాక్సు, తల్లి సంతకం. పిల్లని తీసుకురావద్దు, దానికి ఆ రోజు కాలేజీ ఉంటుంది.

ఆ డ్రాఫ్టు చింపకండి. పట్టుకురండి. ఎవరు తెచ్చి ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టండి.

కంచరపాలెం_కుర్రోడు, రాత్రి 10:52

అక్కా, చిట్టి వాళ్ళమ్మతో ఎవరైనా మాట్లాడారా? ఇన్నాళ్ళూ ఆవిడని ముద్దాయి భార్యగానే చూశాం అందరం. వాడు బయట ఉన్నన్నాళ్ళు చిట్టి ఎలా ఉండేదో మెల్లగా అడగాలి. మీరు అడగొద్దు, మీరు ఆడపడుచు, ఆవిడ చెప్పదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే పిల్లలతో మాట్లాడ్డం తెలిసిన మనిషిని పంపమని అడగొచ్చు. సోమవారం నేనూ కోర్టు దగ్గరే ఉంటాను, గేటు పక్క టీ కొట్టు దగ్గర.